కంప్యూటర్‌కు అమ్మ కుట్టిన కవర్

మా చెల్లెలు ఎస్తేరు కాలేజీ రోజులు... తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ రోజు పొద్దున. అప్పటికి బంద్ మాకు ఆదివారమంత మామూలైపోయింది.

పాల ప్యాకెట్ తెల్లవారకముందే వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. నాయిన బస్సు డ్రైవర్. బస్సులు కదలవు కనుక లుంగీ మీదే గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అమ్మ ప్రార్థన ముగించి ఉప్మాకు ఉల్లిగడ్డలు కోస్తోంది.

లోపలి గదిలో ఎస్తేరు కంప్యూటర్ ముందు కూర్చుంది... కారు ఆట ఆడుతూ.

ఎస్తేరు మా అందరికంటే చిన్నది, నేను పెద్దదాన్ని. చంకనేసుకుని పెంచింది నేనే. ఆ ఏడు దాని ఇంటర్ అయిపోయింది. నాయిన నల్లగొండలో నర్సింగ్ సీటు మాట్లాడి వచ్చాడు. మర్నాడే వెళ్లి చేర్పించాలి.

దాని మనసు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. అక్కడ కంప్యూటర్ నేర్పే ఒకచోట పాఠాలను వీడియోలుగా చేసే మనిషి కావాలట. "తెర మీద ఆట ఆడుతూ రికార్డు చేసి తీసుకురా. ఎక్కడా ఆగకూడదు. అది చేయగలిగితే పాఠాలు చేయగలవు" అన్నారట అక్కడి సారు. ఆడపిల్లను ఆటలకు పంపుతారా అని నాయిన గొణిగినా, చివరికి ఒక మాట ఇచ్చాడు.

"పొద్దూకేదాక చూస్త బిడ్డా. మంచిగొస్తే సరే. లేకుంటే రేపు నల్లగొండ బస్సెక్కుడే."

వారం నుంచి ప్రయత్నిస్తూనే ఉంది. ఆడేటప్పుడు కారు బాగానే పోయేది. రికార్డయింది చూస్తే ఆగి ఆగి, గంతులేస్తూ పోయేది.

నాయిన చాయ్ గ్లాసుతో వచ్చి తెర వైపు చూశాడు. "ఏందే, గట్ల గుంజుకుంటుంది బండి? క్లచ్ తొక్కొస్తలేదా?"

"నేను మంచిగనే నడిపిన నాయినా! రికార్డే గట్లొస్తుంది."

"తప్పు చేసి దొరికిన డ్రైవర్లందరు గిదే చెప్తరు."

నేను నవ్వాను. అది నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

దాని ఓపిక అప్పుడు చూశాను. ఒక మార్పు చేసేది... కొంచెంసేపు ఆడి రికార్డు చేసేది... చూసేది. కుదరకపోతే ఆ మార్పు తీసేసి ఇంకొకటి. బొమ్మ సైజు తగ్గించింది. వెనకాల నడిచే ప్రోగ్రాములన్నిటినీ ఆపేసింది.

"అన్నీ ఒక్కసారే మార్చరాదే?" అన్నాను.

"గట్ల చేస్తే ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది అక్కా?"

నేను మనసులో ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. ఉప్మా చల్లారిపోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయి, చాలాసేపటికి వచ్చింది. వచ్చాక చేసిన మొదటి రికార్డు చూసి ఎస్తేరు కుర్చీలోంచి లేచింది. మొదట్లో కారు నీళ్ల మీద పడవలా పోయింది. కాసేపటికి మళ్లీ గంతులు.

"అక్కా... చల్లగున్నప్పుడు మంచిగొస్తుంది. వేడెక్కినంక కరాబైతుంది."

చెయ్యి కంప్యూటర్ డబ్బా వెనక పెట్టి చటుక్కున తీసేసింది. నేనూ పెట్టాను. ఇస్త్రీపెట్టె!

డబ్బా మీద అమ్మ కుట్టిన కవర్ ఉంది. నీలం గుడ్డ, అంచుకు లేసు, పైన ఎర్రదారంతో 'ఎస్తేరు' అని పేరు. ముందు బటన్‌కు మాత్రం కిటికీ. మా ఇంట్లో రేడియో నుంచి మిక్సీ దాకా కవర్ లేని వస్తువు లేదు. కంప్యూటర్ వచ్చిన రోజే దీనికీ కుట్టింది. అది కూడా డబ్బాలో భాగమే అన్నట్టు ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

ఎస్తేరు గొంతు తగ్గించింది. "ఇది తియ్యాలె అక్కా. అమ్మకెట్ల చెప్పాలె?"

గుమ్మంలో అమ్మ వింటూనే ఉంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యో... ఇన్నొద్దులు దానికి ఉక్కపోస్తుందా? జర ముందే చెప్పరాదే!"

తనే లాగేసింది. నాయిన స్క్రూలు విప్పాడు. లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టింది.

"కప్పినా దుమ్మెట్ల పోయిందే?" అమ్మకు కోపం వచ్చింది, దుమ్ము మీద.

నాయిన తన గడ్డం బ్రష్ తెచ్చాడు. ఆ బ్రష్‌తోనే ఎస్తేరు మెల్లగా దులిపింది. నాయిన తనకు తిప్పుకున్న టేబుల్ ఫ్యాన్‌ను డబ్బా వైపు తిప్పి, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఎండ దిగుతుండగా చివరి రికార్డు. కొండ దారి... మలుపు తర్వాత మలుపు. ఎక్కడా ఆగలేదు. చూస్తున్నంతసేపూ నాయిన కుడికాలు నేల మీద బ్రేకు తొక్కుతూనే ఉంది.

అయిపోయాకే ఆ కాలు తీశాడు. తర్వాత, "మూలమలుపుల కాడ ముందే స్పీడ్ తగ్గించినవ్. నిలబడ్డ ప్యాసింజర్ గూడ తూలడు" అన్నాడు.

నాయిన నోట అంతకంటే పెద్ద మెప్పు మేమెవరమూ వినలేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఒక్కచోట నొక్కితే చాలు... ఏ ఆటైనా ఆగకుండా రికార్డవుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చుట్టూ కూర్చోవడమే లేదు. లేసు కుట్టిన కవర్లూ కనబడడం లేదు. మీ అమ్మ దేనికి కుట్టిందో గుర్తుంటే రాయండి... చదువుకుంటాను.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక మా ఇంట్లో కొన్ని నిర్ణయాలు అయ్యాయి. నల్లగొండకు రావడం లేదని నాయిన కబురు చేయాలి. పొద్దున్నే నేను ఎస్తేరును దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లాలి. నీలం కవర్ అమ్మ కుట్టుమిషన్‌కు. ఇకమీదట దేనికి కవర్ కుట్టాలన్నా, దానికి ఉక్కపోస్తుందేమో అమ్మ ముందుగా ఎస్తేరును అడగాలి.