ఎందుకుగారింటి ఫోన్లు

“నీకు మెదడు పెట్టడం మర్చిపోయారా, లేక పెట్టినదాన్ని నువ్వే ఎక్కడో పారేసుకున్నావా?”

“నా మెదడు నా దగ్గరే ఉంది. కంపెనీవాడి దగ్గర లేదు.”

“పై గుండీ కింది కాజాలో పెట్టుకు తిరిగే మనిషి కూడా నాకు నీతులు చెప్పేవాడే!”

“గుండీ సంగతి తర్వాత. ఫోను అప్‌డేట్ అడిగితే ‘వద్దు’ నొక్కావా లేదా, అది చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పినా అంతే. దున్నపోతు మీద వాన!”

మా వీధి మొదట్లో ఉన్న తాళాల కొట్టు వెనకగదిలోంచి ఈ పోట్లాట వినిపిస్తోంది. తాళంచెవికి నకలు చేయించుకుందామని వచ్చిన ఒక కొత్తాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల దగ్గర కూర్చున్న నన్ను చూసి గొంతు తగ్గించి అడిగాడు.

“లోపల ఎంతమంది ఉన్నారు బాబూ?”

“ఇద్దరండీ. మా పెదనాన్న, పెద్దమ్మ.”

“మరి ఒక్క గొంతే వినిపిస్తోందే? ఆయన తనని తనే తిట్టుకుంటున్నాడా?”

సగం నిజమే. తిట్టేది పెద్దమ్మ, గొంతు పెదనాన్నది. అదెలాగో తెలియాలంటే ముందు పెదనాన్నకున్న జబ్బు గురించి చెప్పాలి. తాళంచెవి తన చేతిలో లేని తాళాన్ని ఆయన భరించలేడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాళాలు బాగుచేసే మనిషి. ‘చెవి ఎవరి దగ్గరుంటే ఇల్లు వాడిది’ అన్నది ఆయన వేదాంతమంతా. ఆ వేదాంతం తలుపుల దగ్గర ఆగితే బాగుండేది. ఫోన్లలోకి దూరింది.

ఫోను ఏమడిగినా ఆయన మొదటి మాట ‘ఎందుకు?’. అందుకే వీధి వీధంతా ఆయన్ని ‘ఎందుకుగారు’ అంటుంది. ఒకసారి మంగలి తన ఫోనులో టార్చిలైటు యాప్ వేసుకుంటున్నాడు. అది పరిచయస్తుల నంబర్లన్నీ చూడటానికి అనుమతి అడిగింది. సగం గీసిన గడ్డంతో పెదనాన్న కుర్చీలోంచి లేచాడు.

“దీపం వెలగడానికి మీ బావమరిది నంబరెందుకయ్యా? చీకట్లో వాడేమైనా వెలుగుతాడా?”

“అందరూ నొక్కుతారు కదండీ, నేనూ నొక్కేశా.”

“అద్దెకు దిగేవాడు బీరువా తాళం అడిగితే ఇస్తావా?”

“ఇవ్వను.”

“మరి వీడికెందుకిచ్చావు?”

మంగలి ఆలోచనలో పడ్డాడు. ఆలోచనలో పడిన మంగలి చేతిలో కత్తి ఉండటం ఎవరికీ మంచిది కాదు. మిగతా సగం గడ్డం ఆ రోజు అలాగే ఉండిపోయింది.

ఈ పట్టుదల ఆయన్ని నవ్వులపాలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి అన్ని యాప్‌లకూ మైకు తీసేస్తున్నానని, ఆ ఊపులో ఫోను చేసే యాప్‌కి కూడా తీసేశాడు. వారం పాటు ఆయన ఫోనెత్తి “హలో” అంటుంటే అవతలివాళ్లకు వినపడేది కాదు.

“ఏంట్రా, ఊళ్లో అందరికీ ఒకేసారి చెవుడొచ్చింది? నీళ్లలో ఏమైనా కలిసిందంటావా?” అన్నాడు నాతో.

నేను ఫోను చూసి అసలు సంగతి చెప్పాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. “అదీ, ఒకసారి వద్దంటే అలా ఉండాలి. చూశావా, ఎంత బుద్ధిగా ఉందో!” అన్నాడు.

ఇక పెద్దమ్మ. ఆవిడ బస్సు కండక్టరుగా చేసింది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ఒక కేక వేస్తే ముందు డ్రైవరు బ్రేకు తొక్కేవాడు. ఆవిడ నోటి ముందు నిలిచినవాడు లేడు. అలాంటి గొంతును ఆపరేషన్ తీసుకుపోయింది. మనిషి బాగానే కోలుకుంది, మాటే రాలేదు. పలక మీద ‘నీళ్లు’, ‘మందు’ అని రాసి చూపిస్తుంటే ఆ ఇంట్లో కూర్చోలేకపోయేవాళ్లం.

నేను కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ని. అక్కడ నేర్పేది నాకు నచ్చలేదు, నేను అడిగేది వాళ్లకు నచ్చలేదు. కానీ యాప్‌లు చేయడం వచ్చు. పెద్దమ్మ కోసం ఒకటి చేశాను. తెర నిండా బొత్తాలు, ఒక్కో బొత్తానికి ఒక్కో మాట. గొంతు ఎవరిదైనా కావాలి కదా, ఎవరైనా ఆడమనిషి చేత చెప్పిద్దామన్నాను. పెదనాన్న వద్దన్నాడు. ఫోను తీసుకుని వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. రెండు రోజులు లోపలినుంచి ఒకటే గొణుగుడు. ఆ తర్వాత పెద్దమ్మ ఫోను చేతికి తీసుకుని మొదటి బొత్తాం నొక్కింది. “దున్నపోతు మీద వాన!” అంది ఫోను, పెదనాన్న గొంతుతో. టిక్కెట్లు చింపిన వేళ్లు కదా, మూడో రోజుకల్లా ఆవిడ వేగానికి ఫోను వేడెక్కిపోయేది.

అంతా బాగుందనుకుంటుండగా ఫోను కంపెనీ కొత్త నియమం తెచ్చింది. తమ దగ్గర నమోదైనవాళ్లు చేసిన యాప్‌లు తప్ప వేరేవి ఇకమీదట నడవవట. అప్‌డేట్ నొక్కిన మరుక్షణం పెద్దమ్మ యాప్ ఆగిపోతుంది. అన్నీ మన రక్షణ కోసమేనట.

“ఎవరి నుంచి రక్షణ?” అన్నాడు పెదనాన్న.

“నా నుంచి.”

“నువ్వేం చేస్తావు?”

“పెద్దమ్మ చేత నిన్ను తిట్టిస్తా.”

సరేనని నమోదుకు దరఖాస్తు పెట్టాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. యాప్‌లో అభ్యంతరకరమైన భాష ఉందట. ‘మెదడు’, ‘దున్నపోతు’ వగైరాలు తీసేస్తే పరిశీలిస్తారట.

“తీసేద్దాం పెదనాన్నా. నీళ్లు, మందు, తలుపు, ఇవన్నీ ఉంటాయి కదా,” అన్నాను.

“ఒక్క తిట్టు తీసినా ఒప్పుకోను.”

“తిట్లు తినేది నువ్వే కదా! నీకేంటి నష్టం?”

“నా ఇంట్లో ఏం మాట్లాడాలో వాడెవడు చెప్పడానికి?” అని ఆకురాయి తీసుకుని ఎవరి తాళంచెవో తెగ అరగదీశాడు. అరిగిపోయి అది ఏ తాళానికీ పట్టలేదు. ఆ రోజు నుంచి రోజుకు పదిసార్లు పెద్దమ్మను “వద్దు నొక్కావా?” అని అడగడం, ఆవిడ తిట్టడం. కొత్తాయన విన్న పోట్లాట అదే.

ఆ ఆదివారం అక్క వచ్చింది. అక్క అంటే పెదనాన్న కూతురు, ఆసుపత్రిలో నర్సు. ఏది చూసినా శుభ్రం చేయందే ఊరుకోదు. తల్లి ఫోను మీద అప్‌డేట్ అడిగే ఎర్ర చుక్క కనిపించింది. తుడిచినట్టు నొక్కేసింది.

ఫోను ఆరి, వెలిగింది. పెద్దమ్మ బొత్తాం నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. ‘మీ రక్షణ కోసం ఈ యాప్‌ను నిలిపివేశాం’ అని తెర మీద పడింది.

“కంగారు పడకు నాన్నా, కంపెనీ బజారులోనే మంచి యాప్ ఉంది. మా ఆసుపత్రిలో అందరూ అదే వాడతారు,” అంటూ అక్క ఒకటి వేసింది. తేనెలో ముంచి తీసినట్టున్న ఆడగొంతు. ఏది టైపు చేసినా చదువుతుంది.

పెద్దమ్మ పెదనాన్న వైపు కోపంగా చూస్తూ చకచకా ఏదో కొట్టింది. గొంతు తీయగా పలికింది: “క్షమించండి. ఈ వాక్యం మా మర్యాద నియమాలకు అనుగుణంగా లేదు. దీనికి బదులు ‘మీతో ఏకీభవించలేకపోతున్నాను’ అనమంటారా?”

పెద్దమ్మ ముఖం చూడాలి. కండక్టరుద్యోగంలో చిల్లర ఎగ్గొట్టినవాణ్ని కూడా అలా చూసి ఉండదు.

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో మర్యాద రాజ్యమేలింది. ఒక పొద్దున పెదనాన్న పరిగెత్తుకుంటూ కొట్టులోకొచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“ఏమైంది పెదనాన్నా?”

“లోపలినుంచి ‘దయచేసి ఆ తువ్వాలు అందించగలరా’ అని వినిపించిందిరా. ఎవరో పరాయివాళ్లొచ్చారనుకుని చొక్కా వేసుకున్నా.”

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

“ఇవాళ ఫోను సొరుగులో పెట్టేసిందిరా. మళ్లీ పలక తీసింది.”

సెలవు పెట్టి ఇంకా ఇక్కడే ఉన్న అక్క లోపలినుంచి వచ్చింది. “అమ్మ అడిగిందని కాదూ ఆ తిట్లన్నీ పెట్టించావు? లేకపోయినా గడిచిపోతుందిలే నాన్నా.”

“అమ్మ అడగలేదు,” అన్నాడు పెదనాన్న.

“మరి?”

“అడగడానికి గొంతేదే? ఆసుపత్రి నుంచి వచ్చాక నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశా. తిని ఊరుకుంది. గ్యాసు కట్టకుండా పడుకున్నా. తనే లేచి కట్టింది. నా వైపు చూసి అలా... ఊరుకుంది. మీ అమ్మ ఊరుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? నాకు భయమేసింది. గదిలో కూర్చుని, పెళ్లైన దగ్గర్నుంచి తిన్నవన్నీ గుర్తు చేసుకుని ఒక్కోటీ చెప్పా. తిన్నవాడికి తెలీదూ?”

“నీ గొంతుతోనే ఎందుకు? నేను చెప్పేదాన్ని కదా.”

“కూతురి చేత తిట్టించుకోనా? పోనీ పక్కింటావిణ్ని పిలిచి తిట్టించుకోనా? పరువుండాలి కదే!”

అక్క నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. పెదనాన్న తన సొంత ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఎన్నేళ్లుగా ఏ అప్‌డేటూ ముట్టని ముసలి ఫోను.

“ఇందులో పెట్టరా. ఇకమీదట ఇది ఆవిడది.”

ఆ పాత మోడలుకో సుగుణం ఉంది. కంపెనీ వేసిన తాళాన్ని యజమాని తీసుకోవచ్చు. కొత్తవాటికి ఆ వీల్లేదు. ఉన్నదున్నట్టు యాప్ పెడితే రేపు మళ్లీ ఎవరో ఒకరు ఎర్ర చుక్క నొక్కేస్తారు, అందుకని తాళం తీసి, లోపల కంపెనీ సరుకంతా కడిగేసి, ఎవరో కొందరు తయారుచేసి ‘ఎవరైనా వాడుకోండి, ఎలాగైనా మార్చుకోండి’ అని వదిలేసిన వ్యవస్థను ఎక్కించాలి. మొదలుపెట్టగానే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ‘ఇక ఈ ఫోనుకు మా బాధ్యత లేదు. అంగీకరిస్తున్నారా?’

“నువ్వే నొక్కాలి పెదనాన్నా. ఫోను నీది.”

జన్మలో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కని మనిషి. వేలు ముందుకు పెట్టాడు, వెనక్కి తీశాడు. పెదాలు ‘ఎందు...’ అని కదిలాయి. వెనకగది వైపు చూసి, కళ్లు మూసుకుని నొక్కేశాడు.

సాయంత్రానికి ఫోను పెద్దమ్మ చేతిలో ఉంది. ఆవిడ మునివేలితో ఒక బొత్తాం నొక్కింది. “చొక్కా తీసి ఉతుక్కి పడెయ్, మురికి మనిషీ!” అంది ఫోను, పెదనాన్న గొంతుతో. ఆయన అవార్డు అందుకున్నంత సంబరంగా చొక్కా విప్పాడు.

పెద్దమ్మ ఇంకో రెండు నొక్కింది. తర్వాత బొత్తాలన్నీ పైకీ కిందికీ జరుపుతూ ఏదో వెతికి, దొరక్క పెదవి విరిచింది. నాకు నోరాగదు. కొట్టులోకొచ్చాక అనేశాను.

“పెదనాన్నా, పెద్దమ్మ నువ్వు పెట్టిన తిట్లే తిట్టాలి. కొత్తది తిట్టాలంటే నువ్వు చెప్పాలి. మరి నువ్వూ కంపెనీవాడివే కదా.”

ఆయన నడక ఆగిపోయింది. నాకిక చీవాట్లు తప్పవనుకున్నాను. గోడ మీది తాళాల వంక చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వినపడకుండా అన్నాడు:

“రేపట్నుంచి ఆవిడ ఏం ఎక్కించమన్నా, ఎవరి చేత చెప్పించమన్నా ఎక్కించు. నన్నడక్కు, నాకు చెప్పకు. పక్కింటావిడైనా సరే. కానీ ఒక్కటి... నన్ను మెచ్చుకునే మాట ఎప్పుడైనా పెట్టమందనుకో, అది మాత్రం కాస్త గట్టిగా వినపడేట్టు పెట్టరా. నాకీ మధ్య ఎడమ చెవి సరిగ్గా వినపడట్లేదు.”