మూడో రోజు లేవని మా అత్త

మా మేనత్త పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. పిల్లలు ప్రార్థనకు వరుసల్లో నిలబడుతున్నారు. "అమ్మ పోయిందే," అని మాత్రం చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. హెడ్ మాస్టరుకు చెప్పి గేటు బయటికి వచ్చి ఆటో కోసం చూస్తుంటే ఫోన్ మళ్లీ మోగింది. ఎవరో ఒక గ్రూపులో రోజూ పొద్దున్నే పంపే వీడియో అది. అందులో మా అత్త మెరూన్ చీర మీద నల్ల కోటు వేసుకుని, చెవికి మైకు తగిలించుకుని, హిందీలో చెబుతోంది: "లేవండి. మీకోసం ఎవరూ రారు. మిమ్మల్ని మీరే లేపుకోవాలి."

చంద్రపూర్‌లో ఆ ముఖం తెలియనివాళ్లు తక్కువ. బస్టాండు పక్కన, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, పెళ్లి హాళ్ల ముందు ఆమె ఫ్లెక్సీలు కొన్నేళ్లపాటు ఎండకు వెలిసిపోతూ వేలాడాయి. ఆమె మాటలు విని బాగుపడ్డామని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటల వల్లే తమను తాము తిట్టుకుని కుంగిపోయినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన అత్త ఆ ఫ్లెక్సీలో లేదు. అందుకే ఇది రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, నాకు ఈ అక్షరాలు నేర్పింది ఆమే. మా బడుల్లో అంతా మరాఠీ. ఆదివారం చర్చిలో పక్కన కూర్చోబెట్టుకుని, పాటల పుస్తకంలో ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించి, "నోరు తెరువు కోడలా, అక్షరం కడుపుల నుంచి రావాలె," అనేది.

ఆమెకు మంచి గొంతు ఉండేది. మా మామ ఆ గొంతు వినే ఆమెను చేసుకున్నాడని మా నాన్న చెప్పేవాడు. మామ ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు కింద టిప్పర్ నడిపేవాడు. ఒక వానాకాలం పొద్దున మట్టిదిబ్బ అంచు జారి టిప్పర్ తలకిందులైంది, మామ అందులోనే పోయాడు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఇంట్లో ఒకరికి ఉద్యోగమనే మాట రాలేదు. అప్పటికి అత్త కూతురు చిన్నది, రెండు జడలు వేసుకుని బడికి పోయే వయసు.

అత్త మంచం పట్టింది. నేను కళ్లారా చూశాను. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకునేది కాదు. కూతురు పక్కన కూర్చుని పిలిచినా పలికేది కాదు. మా అమ్మ రెండు పూటలా టిఫిన్ డబ్బా కట్టి పంపేది. కొన్నాళ్లకు తనే వెళ్లి, ముద్దలు చేసి నోట్లో పెట్టేది. పక్కింటి మరాఠీ ఆవిడ పిల్లకు స్నానం చేయించి బడికి పంపేది. చర్చి ఆడవాళ్లు వంతులవారీగా వచ్చి ఆమె దగ్గర కూర్చునేవాళ్లు. ఆ వానాకాలం పోయి, చలికాలం కూడా సగం గడిచాక, ఒక మధ్యాహ్నం అత్త లేచి కుట్టుమిషను మీద గుడ్డ తీసి దుమ్ము దులిపింది. అది చూసి మా అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

స్కూలు యూనిఫారాలు కుడుతూ ఆమె ఇల్లు నడిపింది. కూతుర్ని నర్సింగు చదివించింది. ఆ రోజుల్లోనే ఎవరో ఆమెకు ఆరోగ్యం పొడి డబ్బాలు అమ్మే పని అంటగట్టారు. వాళ్ల మీటింగులో ఒకసారి, "మీ గురించి నాలుగు మాటలు చెప్పండి," అంటే లేచి తన కష్టం చెప్పింది. హాలంతా ఏడ్చింది, తర్వాత చప్పట్లు కొట్టింది. పొడి అమ్ముడుపోయిందో లేదో గానీ, వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి మాత్రం ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఊరూరా శిబిరాలు పెట్టే సంస్థ ఆయనది. అందరూ ఆయన్ని సార్ అనేవాళ్లు.

సార్ ఆమెకు నడక నేర్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి ఎత్తాలో నేర్పాడు. ఆమె వచ్చేముందు వేసే పాట ఎంచాడు. ఒకరోజు వంటింట్లో చపాతీలు ఒత్తుతూ అత్త నాకు ఆ విద్య చూపించింది. చూస్తుండగానే ఆమె కళ్లు నిండాయి. "గిట్ల కండ్లల్ల నీళ్లు నిలవాలె, జారొద్దు. జారితే జనం జాలి పడతరు. నిలిస్తే చప్పట్లు కొడతరు," అంది. తర్వాత మామూలుగా చపాతీ తిప్పింది.

కథ కూడా మారింది. మీటింగుల్లో ఆమె చెప్పేది ఇలా ఉండేది: ఆ పొద్దున భర్త నీలం చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఆగి, "నువ్వు చాలా గట్టిదానివి," అన్నాడట. ఆయన పోయిన మూడో రోజు ఆమె కళ్లు తుడుచుకుని మిషను ముందు కూర్చుందట. ఎవరూ సాయం రాలేదట. చేతులు రెండు, ధైర్యం ఒకటి, అంతేనట.

మా అమ్మ ఒకసారి ఆ మీటింగుకు వచ్చింది. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటూ అడిగింది: "వదినె, నేను పంపిన టిఫిన్ డబ్బాలన్నీ ఎటు పోయినయి?"

అత్త నవ్వింది. "అవన్నీ చెప్తే కథ పొడుగైతదట. సార్ తీసేసిండు."

"మూడో రోజు లేచింది ఒక్కడే వదినె. నువ్వు గాదు."

అత్త నవ్వు ఆగిపోయింది. నేనూ నవ్వలేదు. మా అమ్మ ఏసు ప్రభువు మాట తమాషాకు అనే మనిషి కాదు.

ఆమె చెడ్డది కాదు. పేరు ఆమెకు నచ్చింది, అంతే. బల్లార్‌పూర్‌లో, వణిలో, ఆదిలాబాద్‌లో జనం వచ్చి కాళ్లకు మొక్కుతుంటే నచ్చకుండా ఎలా ఉంటుంది? నా బీఎడ్ ఫీజుకు మా నాన్న ఇబ్బంది పడితే ఆమే ఆదుకుంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊరి నుంచి ఊరికి పోతూ బస్సులోనే నిద్రపోయేది. ఫోన్‌లో ఎవరో తెలియని ఆడపిల్ల ఏడిస్తే ఓపిగ్గా వినేది. కానీ సార్ రాసిచ్చే మాటలు ఏటికేడు పదునెక్కాయి. ఒక పెద్ద మీటింగుకు కూతుర్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీద అత్త అంది: "ఆ రోజు నా భర్త చనిపోకపోతే ఈ రోజు నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు. అందుకే ఆ రోజుకు నేను దండం పెడుతున్నాను." చేతులు జోడించింది. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కూతురు కూడా లేచింది, కానీ తలుపువైపు నడిచింది.

ఆ తర్వాత కూతురు తల్లి ఇంటికి రావడం మానేసింది. పెళ్లయి భద్రావతిలో ఉండేది. గంట దూరం కూడా కాదు. అత్త ఫోన్ చేస్తే అల్లుడు ఎత్తి, డ్యూటీలో ఉందని చెప్పేవాడు. ఆ సంగతి అత్త నాతో ఒకేసారి మాట్లాడింది: "మందికి ధైర్యం చెప్పొస్తున్న. నా బిడ్డకు ఏం చెప్పాల్నో సమజైతలేదు."

అన్నీ మార్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. చంద్రపూర్‌లోనే, ఆడవాళ్ల కోసం పెట్టిన కార్యక్రమం. ప్రశ్నలు అడిగేటప్పుడు వెనక నుంచి ఒక పడుచు అమ్మాయి లేచింది. పక్కనున్న ఆవిడ ఆమెను మోచేత్తో పొడిచి లేపడం చూశాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవడం తెలియక గొంతు వచ్చీపోతోంది. అత్త తెలుగామె అని ఎవరో చెప్పి ఉంటారు, తెలుగులోనే అడిగింది.

"అక్కా, మాది విసాపూర్. మా ఆయన పోయిండు. మా ఇంట్ల అందరు మీ వీడియో చూపెడుతరు. ఆమె మూడో రోజు లేచింది, నీకేమైందని అడుగుతరు. నాకు ఇంకా లేవబుద్ధి అయితలేదు. పిల్లగాండ్లను చూడబుద్ధి అయితలేదు. నాల ఏం తక్కువున్నదో చెప్పున్రి."

హాల్లో ఎక్కువమంది మరాఠీవాళ్లు. వాళ్లకు ఏమీ అర్థం కాక, అత్త ఏదో గొప్ప జవాబు చెబుతుందని ఎదురు చూస్తున్నారు. సార్ పక్క తెర దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. ఇన్నేళ్లలో వేదిక మీద అత్తది అంతా హిందీయే, ఆదిలాబాద్‌లో కూడా ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు.

"నీల ఏం తక్కువ లేదు బిడ్డా," అంది. "నేను మూడో రోజు లేవలే. ముప్పయ్యో రోజు గూడ లేవలే. గోడ దిక్కు మర్రి పండుకుంటి. మా తమ్ముని పెండ్లాం నాకు బువ్వ తినవెట్టింది. నా పొల్లకు పక్కింటామె తానం జేయించింది. అందరు గలిసి నన్ను లేపిన్రు. నేను చెప్పేది అబద్ధం. నువ్వు పండుకో. నేనొస్త మీ ఇంటికి."

అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు నిలవలేదు. ముక్కు, గడ్డం, కోటు కాలరు తడిసిపోయాయి. ఏడుపు చూసిన జనం అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టారు. సార్ పాట వేయించాడు. ఆ పాటలోనే అత్త మెట్లు దిగి వెనక వరుస దాకా నడిచి, ఆ పిల్ల పక్క కుర్చీలో కూర్చుంది.

ఆ మాటల అర్థం మర్నాటికల్లా సార్‌కు ఎవరో చెప్పారు. సంస్థ ఆమెను పిలవడం మానేసింది. వీడియోలు మాత్రం వాళ్లవే, ఆపలేదు. అత్త మళ్లీ మిషను ముందు కూర్చుంది. తీరిక దొరికినప్పుడు బస్సెక్కి విసాపూర్ పోయేది. అక్కడినుంచి ఇంకొకరి ఇల్లు తెలిసింది, బామ్నిలో మరొకరిది. ఏం చెబుతావు వాళ్లకు అని అడిగాను. "ఏం చెప్ప. చెప్పుడు బంద్ చేసిన. పోయి కూసుంట. కూరగాయలుంటే కోస్త," అంది. అలాగని సన్యాసిని అయిపోలేదు. ఒక్కోసారి పాత వీడియో పెట్టుకుని చప్పట్ల దగ్గర ఆపి, మళ్లీ వినేది. "అదైతే మస్తు యాదికొస్తది కోడలా," అని ఒప్పుకునేది.

తర్వాత దగ్గు మొదలైంది. నాగ్‌పూర్‌లో పరీక్షలు చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఆమె పాత శిష్యురాలు ఒకామె, పొడి డబ్బా మంచం పక్కన పెట్టి, "ఆంటీ, మీ మనసులో ఎక్కడో నెగెటివ్ ఉంది. అది పోతే రోగం పోతుంది," అంది. అత్త నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. ఊపిరి తీసుకుని, "ఈ ముచ్చట నేనే నేర్పిన నీకు. తప్పయింది బిడ్డా," అంది. ఆమె అర్థం కాక నావైపు చూసింది.

కూతురు వచ్చింది. నర్సు కదా, వచ్చీ రాగానే మందులు సర్దింది, దిండు ఎత్తు చేసింది. పాత మాటలు ఇద్దరూ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం అత్త నెమ్మదిగా అంది: "చెప్పి చెప్పి అసలు దినం పోయిందే. మీ నాయన ఆ పొద్దుగాల ఎట్ల పోయిండు? నీలం అంగీ వాళ్లు రాసింది. అదే కనవడుతది నాకు. నీకేమన్న యాదికున్నదా?"

కూతురు మందు సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"నువ్వు బయట నల్లా కాడ నీళ్లు పడుతున్నవ్," అంది. "నాయన నా జడ రబ్బరు మంచం కింద దేవులాడి ఇచ్చిండు. గళ్ల అంగీ. నిన్ను పిలిచిండు. నీళ్ల చప్పుడుకు నీకు వినవడలే."

"పిలిచిండా?"

"పిలిచిండు."

"ఏమని?"

"ఏమే, పోయొస్త, అన్నడు."

అత్త కళ్లు మూసుకుంది. "మల్ల చెప్పు," అంది. కూతురు మళ్లీ చెప్పింది. ఆ మిగిలిన రోజుల్లో అత్త నోట ఎక్కువగా విన్న మాట అదే, "మల్ల చెప్పు". కూతురు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్క మాటా కలపలేదు.

సమాధి దగ్గరికి సార్ వచ్చాడు, ఒక పెద్ద ఫ్లెక్సీతో. దాని మీద అత్త పిడికిలి ఎత్తి నవ్వుతోంది. రెండు మాటలు మాట్లాడతానని అడిగాడు. కూతురు మర్యాదగానే చెప్పింది: "వద్దు సార్. అమ్మ గురించి మీరు చెప్పిందే చాలు." పాస్టరు ప్రార్థన చేశాడు. మా అమ్మ పాట ఎత్తింది. అత్త గొంతు లేని ఆ పాట ఎక్కడెక్కడో వంకరపోయింది.

మట్టి ఇచ్చి మేం ఇంటికి వచ్చేసరికి విసాపూర్ నుంచి, బామ్ని నుంచి, నాకు తెలియని ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి ఉన్నారు. లోపల చోటు లేక వరండాలోనూ కూర్చున్నారు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఒకామె చాట తెచ్చుకుని బియ్యంలో రాళ్లు ఏరింది. పొద్దు వాలేదాకా అలాగే ఉన్నారు. మా పేటలో గాలి ఎటు వీచినా బొగ్గు పొడి వచ్చి పడుతుంది. వాళ్లు లేచేసరికి గుమ్మం ముందు విడిచిన చెప్పులన్నీ ఒకే రంగుకు వచ్చాయి. ఎవరివి ఎవరివో తెలియక, ఆ ఆడవాళ్లంతా వంగి, ఒక్కొక్క జతనే చేత్తో తుడిచి చూసుకుంటున్నారు.