నీళ్లు పోసిన పొయ్యి

నేను పిరికిదాన్ని. బల్లి మీద పడితే పక్కింటి దాకా పరుగెత్తే రకం. అలాంటిదాన్ని జనగామలో ఉచిత న్యాయ సహాయం చేసేవాళ్ల దగ్గర వాలంటీరుగా చేరతానంటే మా ఆయనకు నవ్వాగలేదు. "నువ్వు కోర్టు మెట్లెక్కుతె ముందుగాల నీకే వకీలును పెట్టాలె" అన్నాడు. ఆయన ఆటో నడుపుతాడు. రోజంతా రోడ్డు మీద మాటలు పడి వస్తాడు కాబట్టి ఇంటికొచ్చాక ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే ముద్ద దిగదు.

పనిలో భయపడేది ఏమీ ఉండదనే చెప్పారు. పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం, మొగుడూ పెళ్లాల తగాదాల్లో కూర్చుని వినడం. కొంతకాలం అలాగే గడిచింది. తరువాత ఇటుక బట్టీ సంగతి వచ్చి పడింది.

జఫర్‌గఢ్ వైపు సంతలో కనబడిందామె. నా ఈడుదే, ఒడిశా మనిషి. నేను చట్టాల గురించి కాగితాలు పంచడానికి వెళ్లాను. ఆమెకు చదువు రాదు, తెలుగు రాదు, హిందీ మాత్రం నాలుగు ముక్కలు వచ్చు. మాది లంబాడీ తండా. మా ఇంటి భాషకు ఆ హిందీ ముక్కలు బాగానే అతుక్కున్నాయి. టమాటాలు ఏరుతున్నట్టు నటిస్తూ, తల ఎత్తకుండా తన గోడు చెప్పుకుంది.

బయానా ఇచ్చి ఇటుక బట్టీలో పనికి తీసుకొచ్చారట. అది తీరేదాకా కదలనివ్వరట. సంతకు పంపినా గుడిసెకొకరిని బట్టీ దగ్గరే ఆపుకుంటారట, వెళ్లినవాళ్లు పారిపోకుండా. ఆమె తరఫున ఆపుకున్నది ఆమె కూతురిని. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు కూడా ఈ బట్టీలోనే అయిందట. నొప్పులు వచ్చినప్పుడు దవాఖానకు బండి పంపలేదు. బిడ్డ దక్కలేదు.

"ఈసారి మా ఊళ్లో కనాలి. అంతే, ఇంకేం అడగను" అంది.

నాకూ ఒక్కతే కూతురు. ఆఫీసుకు తిరిగొచ్చి ఫిర్యాదు నేనే రాశాను. మా వకీలమ్మ దాన్ని పై అధికారికి పంపింది. రాసిందెవరో బయటికి పొక్కదని అందరూ ధైర్యం చెప్పారు. వారం తిరక్కుండానే పొక్కింది.

ఫోన్లో ఎవరో మగమనిషి. ఎంత మర్యాదో. "అక్కా, మంచిగున్నవా? నీ బిడ్డ పొద్దుగాల ఏ బస్సెక్కి కాలేజీకి పోతదో మాకెర్కనే. జర పైలంగుండుమని చెప్పు" అన్నాడు. అరిచినా, తిట్టినా నేను తట్టుకునేదాన్నేమో. ఆ మర్యాదకు ఫోన్ పెట్టేసి, పిల్ల ఇంట్లోనే ఉందా అని గదులన్నీ వెతికాను.

ఆ రోజు నుంచి వీధిలో మోటర్ సైకిల్ ఆగితే చాలు, చేతిలో గిన్నె ఉన్నా జారిపోయేది. పాలవాడు తలుపు కొడితే ముందు కిటికీలోంచి చూసేదాన్ని. పిల్ల బస్సెక్కాక ఫోన్ చేయాలి, దిగాక చేయాలి, క్లాసులోకి వెళ్లే ముందు చేయాలి. "అమ్మా, నన్ను కాలేజీకి పంపుతున్నవా, బార్డర్‌కు పంపుతున్నవా" అని అది విసుక్కునేది. మా ఆయన నవ్వడం మానేశాడు. ఆయన నవ్వనందుకు నాకు మరింత భయమేసింది.

ఇంట్లో నిబ్బరంగా ఉన్నది మా యాడి ఒక్కతే. యాడి అంటే మా భాషలో అమ్మ. మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. ఇంట్లోంచి ఎవరు పనికి బయల్దేరినా నిప్పుల మీద చిటికెడు బెల్లం వేసి, చేతులు జోడించి దేవుడితో మాట్లాడటం ఆమె అలవాటు. జనగామలో నిప్పులెక్కడివి? గ్యాస్ మంట మీదే వేసేది. బెల్లం కరిగి బర్నర్ బొక్కలన్నీ పూడుకుపోయేవి. పిన్నీసు పట్టుకుని నేను పొడుస్తూ కూర్చునేదాన్ని. ఆమె దేవుడి మీద నాకు పెద్ద నమ్మకమేమీ లేదు. బర్నర్ మీద మాత్రం రోజూ గొడవే.

అధికారితో కలిసి బట్టీకి విచారణకు వెళ్లే రోజు కూడా వేసింది. ఆ పూట నేను పిన్నీసు తీయలేదు.

"పోతె పో గని నోరు తెరువకు. బిడ్డ సంగతి యాది పెట్టుకో" అన్నాడు మా ఆయన. జీపులో కూర్చున్నంతసేపూ నేనూ అదే అనుకున్నాను. ఫిర్యాదు రాశాను, చాలు. అందరి వెనక నిలబడతాను, అంతే.

బట్టీ యజమాని మాకు కుర్చీలు వేయించి కూల్‌డ్రింకులు తెప్పించాడు. అధికారి పక్కనే తనూ కూర్చున్నాడు. కూలీలందరినీ ఎదురుగా నేల మీద కూర్చోబెట్టారు. వంట చేసే ఆడవాళ్లు మాత్రం పక్కనే గుడిసెల ముందు ఉన్నారు. అధికారి అడిగింది ఒడియాలో చెప్పడానికి వాళ్లను అక్కడికి తెచ్చిన మేస్త్రీయే దిక్కు.

"ఎవరికన్న ఇక్కడికెల్లి పోవాల్నని ఉందా? భయపడకుంట చెప్పుండ్రి" అన్నాడు అధికారి.

మేస్త్రీ ఏదో అన్నాడు. ఒక్క తలా లేవలేదు.

"అందరు మంచిగనే ఉన్నరు సార్" అన్నాడు మేస్త్రీ. "ఇంట్ల మనుషుల లెక్కనే చూసుకుంటం" అన్నాడు యజమాని.

యజమాని లేనిచోట అడగాలని మా వకీలమ్మ పట్టుబట్టింది. "అడిగిన కదమ్మా, ఒక్కరు గూడ చెప్తలేరు. నేనేం రాయాలె?" అంటూ ఆయన ఫైలు మూశాడు.

సంతలో కనబడ్డ ఆమె తన గుడిసె ముందు మూడు ఇటుకల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కుండలో అన్నం ఉడుకుతోంది. గుమ్మంలో కూతురు, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని. ఆమె నా వైపే చూస్తోంది. నేను తల దించుకున్నాను. సిగ్గేసింది. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది. నా పిల్ల బస్సే కళ్ల ముందు కదిలింది.

అప్పుడు చుయ్‌మని చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆమె కుండ దించి పక్కన పెట్టి, బిందెడు నీళ్లు మండే పొయ్యిలో పోసేస్తోంది. బూడిద, ఆవిరి కలిసి లేచాయి.

అలా ఎందుకు పోస్తారో నాకు తెలుసు. చిన్నప్పుడు మా యాడి, బాపు మిరపకాయలు ఏరడానికి ఆంధ్ర వైపు వలస పోతూ నన్నూ తీసుకుపోయేవాళ్లు. ఎంత తొందర పనున్నా యాడి పొయ్యిలో నీళ్లు పోయనిచ్చేది కాదు. కట్టెలు బయటికి లాగి, నిప్పుల మీద బూడిద కప్పేది. నీళ్లు పోసేది ఆ చోటు విడిచి వెళ్లిపోయే రోజునే. అక్కడ ఇంక మన కూడు ఉడకదని.

ఆమె కుండను గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. పక్క గుడిసె ముందూ చుయ్‌మంది. ఆ పక్కన మరొకటి. ఆవరణంతా తడిసిన బూడిద వాసన.

"వంటలైపోయినయి సార్, పొయ్యిలు ఆర్పుతున్నరు" అన్నాడు మేస్త్రీ.

"వంటలు కాలే సార్" అని ఎవరో అన్నారు. ఆ గొంతు నాదే. ఎంత వణుకుతోందో నాకే వినబడుతోంది. "అన్నం సగం గూడ ఉడుకలే. కుండల చూడుండ్రి. మండే పొయ్యిల నీళ్లు ఎప్పుడు పోస్తరు సార్? మీ ఇంట్ల అమ్మనడుగుండ్రి. వాళ్లు పోతమని చెప్తున్నరు."

యజమాని నన్ను తేరిపార చూశాడు. ఆ చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. అధికారి లేచి వెళ్లి కుండలోకి చూశాడు, ఆరిన పొయ్యినీ చూశాడు. ఆయనా ఏదో పల్లెలో పుట్టినవాడే అయ్యుంటాడు. యజమానినీ మేస్త్రీనీ గేటు బయటికి పంపించి ఫైలు మళ్లీ తెరిచాడు. అప్పుడు ఆమె తనకున్న ఆ నాలుగు హిందీ ముక్కల్లోనే అంతా చెప్పింది. ఆమె తరువాత అందరూ చెప్పారు.

మా యాడి పిలిచే దేవుడు ఆ పూట ఆ బూడిదలో ఉన్నాడని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అలాగని ధైర్యవంతురాలినేం కాలేదు. తరువాత భూపాలపల్లి న్యాయ సహాయం వాళ్లు పిలిస్తే చిట్యాల దగ్గరి బట్టీకి వెళ్లాను, అక్కడా వణికాను. పొద్దున బెల్లం మాత్రం నేనే వేశాను.

విచారణ జరిగిన ఆ సాయంత్రమే వాళ్లందరినీ బట్టీ నుంచి విడిపించి జనగామలో ఒక హాల్లో ఉంచారు. పొద్దున్నే వాళ్ల ఊరికి రైలు. ఆమెనూ కూతురినీ మా ఇంటికి తీసుకొచ్చి తలుపు గడియ పెట్టాను, పెట్టానో లేదో మళ్లీ చూసుకున్నాను. ఆమె కుండను ఇంకా చంక దించలేదు. "నీళ్లల్ల నానిన అన్నం ఎవరు తింటరు, కొత్తగ వండుత" అంది మా యాడి, కుండ వైపు చెయ్యి చూపిస్తూ. ఆమెకు అర్థమై తల అడ్డంగా ఊపింది. మా యాడి కుండ అందుకుని మా పొయ్యి మీద పెట్టింది.

అన్నం జావలా అయింది, పొగ వాసన కొట్టింది. ఇంతలో నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఫోన్‌ను బోర్లా పెట్టాను. మోగీ మోగీ ఆగిపోయింది. నెలలు నిండిన ఆ పిల్ల పళ్లెం ముందుకు జరిపి ఇంకొంచెం పెట్టమంది.