ఘాటు రాని మిరపకాయలు

పులివెందులలో మా పక్కింటి అక్క అనగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ బిగించిన పిడికిలే గుర్తొస్తుంది. గ్రహాంతర యుద్ధాల సీరియల్ చూడ్డానికి వీధంతా ఆమె ఇంట్లోనే చేరేది. కథలోంచి ఎప్పుడో వెళ్లిపోయిన పాత హీరో ఒక రోజు తిరిగొచ్చాడు. మేమంతా ఈలలు వేశాం. ఆమె మాత్రం గబగబా ఉప్పూ మిరపకాయలూ పిడికిట్లోకి తీసుకుంది.

"పోయినోన్ని మల్లా పిల్చినారంటే చంపేదానికేనప్పా. ఇంతమంది కండ్లు పడితే యాడ బతుకుతాడు?" అంటూ టీవీకే దిష్టి తీసి, వాకిట్లో నీళ్లపొయ్యిలో వేసింది. ఘాటుకు అందరం దగ్గాం.

"దగ్గొచ్చింది, దిష్టి తగల్లేదులే. ఘాటు రాకుంటేనే బయపడాల," అని కుదుటపడింది.

భయంతో వాళ్లాయన చేత గని పని మాన్పించింది కూడా ఆమే. ఆయన గొర్రెలు మేపుకుంటుంటే, మళ్లీ పనికి రమ్మని పిలుపొచ్చింది. ఆయన బయల్దేరే పొద్దున కూడా వీధంతా సంబరంగా వాకిట్లో చేరింది. అక్క ఆయన చుట్టూ పిడికిలి తిప్పి, అదే పొయ్యిలో వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి. ఘాటు లేదు.

"ఒక్కరన్నా దగ్గండప్పా," అంది.

నేను లేని దగ్గు తెచ్చుకుని దగ్గాను. ఆమె నమ్మినట్టే తలూపింది గానీ, ఆయన చొక్కా కొస మాత్రం వదల్లేదు.