మెనూ కార్డులో నాలుగు

1996 డిసెంబరులో నేను ఆరాంఘర్ దాటాక శంషాబాద్ రోడ్డులో ఉన్న ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ వంటశాలలో కామీగా ఉన్నాను. వంటవాళ్ల హోదాల్లో కామీది అట్టడుగు: తరగాలి, కడగాలి, తిట్లు తినాలి. ఆ నెలాఖరుకు నా ఆరు నెలల ప్రొబేషన్ ముగుస్తుంది. మేనేజర్ మూర్తిగారు సంతకం పెడితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

హెడ్ కుక్ యాదయ్యది రావిర్యాల. "కామీ అంటే కమీయే గద తమ్మీ. పేర్లనే ఉంది తక్కువని," అనేవాడు.

ఏడాది చివరి ఆదివారం మధ్యాహ్నం కంపెనీ పెద్దలకు విందు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మూర్తిగారు సిటీలో ఏదో పెద్ద హోటల్లో చూసి వచ్చి, ఒకే ముద్దగా నోట్లో వేసుకునే మిఠాయిలు కావాలన్నారు. చేతిలో గ్లాసు కింద పెట్టకుండా తినాలట. లడ్డూలే చిన్నగా చుడదామన్నాడు యాదయ్య. "లడ్డూ పెడితే పరువు పోతుందయ్యా" అన్నారాయన.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. అక్కడి ఇంగ్లీషు వంటల పుస్తకంలో ఈ మిఠాయిల పేరు దొరికింది: పెటిట్ ఫోర్. పెటిట్ అంటే చిన్నది అని నిఘంటువు చెప్పింది. ఫోర్ కోసం నిఘంటువు తిప్పే అవసరం నాకు కనిపించలేదు. నాలుగు రకాలు చేసి మనిషికి నాలుగు పెట్టడం నియమమని మూర్తిగారికి చెప్పాను. ఆయన ముందే తెలిసినట్టు తలూపి, 'పెటిట్ ఫోర్: సంప్రదాయం ప్రకారం నాలుగు' అని, కింద తన సంతకంతో మెనూ కార్డులు అచ్చు వేయించారు.

మా వంటశాలలో ఓవెన్ లేదు. అందుకని కాల్చే పని లేనివే ఎంచుకున్నాం. మేరీ బిస్కట్ల పొడిలో కోకో, డబ్బాలో దొరికే చిక్కటి తీపి పాలు కలిపి, ఉసిరికాయంత ఉండలు చేసి కొబ్బరి పొడిలో దొర్లించాం. బ్రెడ్డుతో చేసే డబుల్ కా మీఠాను పాకం ఇంకేదాకా ఆరనిచ్చి బొటనవేలంత ముక్కలు కోశాం. మూడోది పాలకోవా బిళ్లలు. నాలుగోదానికి పుస్తకం కాల్చిన పిండి గిన్నెలు అడిగింది. "గిన్నెలెందుకు, పానీపూరీలు లేవా?" అని యాదయ్య వాటిలో ఖుబానీ, అంటే ఎండు ఆప్రికాట్ల గుజ్జు పెట్టమన్నాడు. ముందే నింపితే మెత్తబడతాయి కనుక యాదయ్యా నేనూ హాల్లోనే నిలబడి వడ్డించే సమయానికే నింపాం.

ప్లేట్లు ఖాళీ అవుతుండగా, ఒక డైరెక్టర్‌గారి భార్య, విదేశంలో వంట నేర్చుకున్నావిడ, కార్డు పట్టుకుని మూర్తిగారిని పిలిచారు.

"ఫోర్ అంటే నాలుగు కాదండీ. ఫ్రెంచిలో ఓవెన్. వీటిలో మీరు కాల్చింది ఏది?"

మూర్తిగారు నావైపు చూశారు. నా ప్రొబేషన్ ఆ చూపుతోనే ముగిసిందనుకున్నాను. యాదయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "నాలుగన్నవ్, పొయ్యి అని తేలింది. ఇగ నీ పొయ్యి ఆరింది తమ్మీ."

కానీ కార్డు మీద ఉన్నది నా సంతకం కాదు. మూర్తిగారు దాన్ని ఒకసారి చూసుకుని, "అది ఫ్రాన్సులోనండీ. మా గెస్ట్‌హౌస్ సంప్రదాయం నాలుగు" అన్నారు.

మర్నాడు నా కాగితం మీద కూడా సంతకం పెట్టారు. నన్ను తీసేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే కార్డు సంగతీ రాయాలి.

నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ పెటిట్ ఫోర్ అంటే నాలుగే. ఆ విందులో నేను నేర్చుకున్నది ఇది: తెలుసనుకున్న మాటకే నిఘంటువు ముందుగా తెరవాలి. తెరవని రోజున పైవాడి సంతకం తీసుకోవాలి.