కృష్ణ మీద కాపురం

శాంతకుమారి పెళ్ళి ఒక్క మాట దగ్గర జరిగిన మోసంతో కుదిరింది. మోసమని ఆమె అంటుంది. పెళ్ళికొడుకు మత్తయ్య మాత్రం తను అబద్ధం ఆడలేదంటాడు. "మీ ఇల్లెక్కడ నాయినా?" అని ఆమె తల్లి అడిగితే, "కృష్ణ మీదండీ" అన్నాడతను. రోడ్డు మీద ఇల్లంటే రోడ్డు పక్కన ఇల్లనే కదా ఎవరైనా అనుకునేది! ఆమె పుట్టింటి తుంగతుర్తి వాళ్ళు, బిందెడు నీళ్ళ కోసం బావి దగ్గర జుట్లు పట్టుకునే వాళ్ళు, నది ఒడ్డున ఇల్లనగానే మురిసిపోయారు. చర్చిలో పెళ్ళయింది. సూర్యాపేటలో బస్సెక్కి, మిర్యాలగూడలో మారి, దామరచర్ల దాటి రేవుకు చేరి చూస్తే, ఇల్లు నిజంగానే కృష్ణ మీద ఉంది. ఊగుతోంది కూడా.

అదొక తెరచాప పడవ. ఎనభైలలో ఆ రేవులో అలాంటివి ఇంకా ఒకటీ అరా తిరుగుతుండేవి. అవతలి ఒడ్డు నుంచి నాపరాళ్ళు ఎక్కించుకొచ్చి ఇవతల లారీలకు అందించడం మత్తయ్య పని. ముందు రాళ్ళు, నడుమ తెరచాప కొయ్య, వెనక తాటాకు గూడు. ఆ గూడులోనే వంట, పడక, ప్రార్థన, అత్తగారు పిచ్చమ్మ.

ఎండాకాలం ఎలాగో గడిచేది. వానలు మొదలై తుఫాన్లు పోయేదాకా మాత్రం అదొక నరకం. నది అందం గురించి నోరారా చెప్పేవాళ్ళను ఆ నెలల్లో ఒక్క వారం ఆ గూడులో పడుకోబెట్టాలి. రాతిపొడి తడిసి బూడిదరంగు బురదై కాళ్ళకు అంటుకునేది. పడవ అడుగున ఊరే నల్లటి నీళ్ళలో చేపపొలుసులు, బొద్దింకలు, ఎప్పటివో అన్నం మెతుకులు తేలుతుండేవి. పొద్దున లేవగానే ఆ నీళ్ళు రేకుడబ్బాతో తోడి పారబోయడం శాంతకుమారి తొలి పని. తోడుతూ ముక్కు మూసుకుందామంటే డబ్బాకు రెండు చేతులూ కావాలి. చీర ఉతికి ఆరేస్తే మూడో రోజుకీ ఆరేది కాదు, పైగా బూజు పట్టేది. బియ్యం ముక్కిపోయేవి, ఎండుచేపల డబ్బాలో పురుగులు మెసిలేవి. వాన హోరెత్తితే తాటాకుల్లోంచి జెర్రులు కిందికి దిగేవి. వాటికీ తడి పడదు పాపం.

వీటన్నిటినీ మించింది పిచ్చమ్మ పొగాకు. ఆమె పడవ అంచున కూర్చుని ఉమ్మేది. ఆ అంచునే, ఆ నీళ్ళలోనే చెంబు ముంచి కుండ నింపేది.

"అత్తా, జర అవుతలి దిక్కు ఉమ్మరాదూ! తాగే నీళ్ళు గీడనే ముంచుతం గదా" అని శాంతకుమారి ఒకసారి అడిగింది.

"పారే నీటికి మైల ఉంటదా ఏందే!" అని పిచ్చమ్మ మళ్ళీ ఉమ్మింది. నీళ్ళు పారకుండా పడవను అంటిపెట్టుకుని నిలబడ్డ సంగతి ఆమెకు కనిపించేది కాదు.

మత్తయ్య చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. కానీ అతనికి ముక్కు లేదని శాంతకుమారి నమ్మకం. ఆ కంపులోనే పుట్టి, ఆ కంపులోనే హాయిగా గురకపెట్టేవాడు. పక్కన పడుకుంటే అతని ఒంటి నుంచి పాచినీళ్ళ వాసన వచ్చేది. మొదట్లో పడవంటేనే రోత. రానురాను మొగుణ్ణి చూసినా రోత పుట్టడం మొదలైంది. అలా పుడుతున్నందుకు ఆమెకు భయం కూడా వేసింది.

అలాంటి రోజుల్లో నెల తప్పింది. పుట్టింటికి పంపమంటే పిచ్చమ్మ ఒప్పుకోలేదు. వాళ్ళ ఇంట్లో పురుడు పడవ మీదే పోయాలి, బిడ్డ తొలి ఏడుపు నీటి మీదే వినపడాలి.

"ఒడ్డున పుట్టినోడికి ఏరు లొంగదే. నా నలుగుర్నీ ఈ చెక్క మీదే కన్నాను" అంది పిచ్చమ్మ.

"నలుగురిల ముగ్గురేరత్తా?"

"దేవుడు తీసుకుపోయాడు."

"దేవుడు గాదు, గీ నీళ్ళు తీస్కపోయినయ్" అంది శాంతకుమారి. నిజమే, ముగ్గురూ పాలు మరవకముందే వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయారు. ఆ మాటకు పిచ్చమ్మ రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులే కాస్త ప్రాణానికి సుఖంగా గడిచాయి.

మొగుణ్ణి బతిమాలింది. "మిరియాలగూడ దవాఖానల కంట. పొడి మంచం ఉంటది, పంపు నీళ్ళుంటయ్. గంతే అడుగుతున్న."

"ఈ తుఫాను పోనీ, చూద్దాం" అన్నాడు మత్తయ్య. ప్రతిదానికీ అతని జవాబు అదే. తుఫాను వెనక తుఫాను వస్తుంటే, ఆమె నెలలు నిండాయి. పిచ్చమ్మ పాత చీరలు చింపి గూడులో పురిటి గుడ్డలు మడిచి పెట్టింది. వాటికి కూడా బూజు పట్టింది. శాంతకుమారి బిడ్డను చుట్టేది ఆ గుడ్డల్లోనే.

అంతలో మరో తుఫాను. రేవులో టీకొట్టు నడిపే మంగయ్య రేడియో విని ముందే చెప్పాడు. రెండు రోజులు ముంచెత్తిన వాన మధ్యాహ్నానికి తగ్గింది కానీ, పైన డ్యాం గేట్లు ఎత్తడంతో ఏరు పొంగడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఒడ్డెక్కారు. రాళ్ళు దించేసిన పడవను ఒడ్డున ఉన్న తుమ్మచెట్టుకు ఒకే ఒక్క లావుపాటి మోకుతాడుతో కట్టారు.

నీళ్ళు పెరిగేటప్పుడు మోకు బిగిసి ఉంటే పడవ పైకి లేవలేక ముక్కు మునిగిపోతుంది. అందుకని చెట్టుకు చుట్టిన మోకును మూరెడు, మూరెడు సడలిస్తూ ఉండాలి. ఆ సడలించడాన్నే పడవవాళ్ళు వదులు అంటారు. మత్తయ్య మొలలోతు నీళ్ళలో నిలబడి పడవ బండకు కొట్టుకోకుండా గడతో నెడుతున్నాడు. చెట్టు దగ్గర మోకు పట్టుకుని శాంతకుమారి నిలబడింది. ఆమె నడుము పొద్దుటి నుంచే లాగుతోంది.

ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన బర్రె కళేబరం పడవ పక్కకు చేరి ఆగింది. పొట్ట ఉబ్బి, కళ్ళు పోయి ఉంది. దాని కంపు ఒడ్డు దాకా కొట్టింది.

"నొప్పులు మొదలైనట్టున్నాయి" అంది వెనక నుంచి పిచ్చమ్మ, కోడలి ముఖం చూసి. "ఏం కాదులే. నీళ్ళు కుదురుకోగానే గూడులోకి ఎక్కిస్తా."

అప్పుడే మత్తయ్య అరిచాడు. "శాంతా! వదులు! వదులు!"

శాంతకుమారి పడవ వంక చూసింది, బర్రె వంక చూసింది. చెట్టు చుట్టూ ఉన్న చుట్లన్నీ విప్పింది. మోకు కొసను చేతిలోంచి వదిలేసింది.

పడవ ఒకసారి మెల్లగా తిరిగింది. తర్వాత గూడూ, పురిటి గుడ్డలూ, ఎండుచేపల డబ్బా, పిచ్చమ్మ పొగాకు పెట్టె, అన్నిటితో కలిసి వరదలో కొట్టుకుపోయింది. వంపు తిరిగేదాకా తెరచాప కొయ్య కనిపించింది.

పిచ్చమ్మ గుండెలు బాదుకుంది. మంగయ్య పరుగెత్తుకొచ్చాడు. "వదులు అన్నడు, వదిలింది. తుంగతుర్తి పిల్లకు ఏటి మాటలు ఏమెరుక!" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా అదే నిజమనుకున్నారు, అయ్యో అన్నారు.

మత్తయ్య గడ పట్టుకుని ఒడ్డెక్కాడు. పెళ్ళయిన ఏడు నుంచి ఆ మోకు సడలిస్తున్నది శాంతకుమారే. ఎంత వదలాలో చెయ్యి పట్టి నేర్పింది తనే. అతను ఆమె వంక అలాగే చూశాడు. ఆమె తల దించుకోలేదు.  తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది, అయినా పడవ తిరిగి రావాలని మాత్రం అనిపించలేదు.

"అడగరా దాన్ని! కావాలనే వదిలింది! మీ నాయన కట్టిన పడవరా అది!" అని పిచ్చమ్మ కొడుకు భుజం పట్టి కుదిపింది.

మత్తయ్య అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "దాని తప్పేం లేదమ్మా. వదిలెయ్యమని నేనే చెప్పాను."

"నువ్వా? ఎందుకురా?"

"కంపు కొడుతోందమ్మా" అన్నాడతను. "చాన్నాళ్ళ నుంచీ."

పిచ్చమ్మ కొడుకు భుజం వదిలేసింది. నాపరాళ్ళ కోసం వచ్చి వానకు ఇరుక్కున్న లారీ ఒకటి రేవు పైన నిలబడి ఉంది. మత్తయ్య శాంతకుమారిని చెయ్యి పట్టుకుని దాంట్లో ఎక్కించాడు. 

మిర్యాలగూడ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఆయమ్మ పొడి గుడ్డలో చుట్టి తెచ్చి అందించబోతే మత్తయ్య చేతులు చాచాడు. మళ్ళీ వెనక్కి తీసుకుని, వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. "జర ఆగమ్మా" అని, వరండా చివర పంపు దగ్గరికి పోయి చాలాసేపు కడుక్కుని వచ్చి, అప్పుడు బిడ్డను ఎత్తుకున్నాడు.