ఆరో గ్లాసు

ఆయమ్మ చదివింది రెండో తరగతి. అదీ రెండేళ్లు చదివింది. బుర్ర లేక కాదు, పంతులమ్మకి తనంటే గిట్టక అని ఎవరూ అడక్కపోయినా చెప్పేది. అలాంటి మనిషి, పెద్దాసుపత్రి రెండో అంతస్తులో మతిమరుపు జబ్బు మీదా, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు మీదా పరిశోధన చేసే విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, డాక్టర్లకంటే ముందే రోగం పట్టేసేది.

ఆవిడ పరికరం ఒక స్టీలు గ్లాసు. వచ్చినవాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది. తాగాక గ్లాసుని ట్రేలో పెట్టినవాళ్లు బాగున్నట్టు. ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసి, తోచక ఆవిడ చేతికే ఇచ్చేవాళ్లకి మొదలైనట్టు. గ్లాసుతో సహా నడిచి వెళ్లిపోయేవాళ్లకి ముదిరినట్టు. లోపల పరీక్షల అమ్మాయి గంటన్నర కూర్చుని, ప్రశ్నలడిగి, కంప్యూటర్లోకి ఎక్కించి తేల్చేది కూడా అదే. కాకపోతే ఆయమ్మ గ్లాసుకి కరెంటు అక్కర్లేదు.

మొగుడు పోయేనాటికి ఆవిడకి ముప్పై ఆరు. ఆయన అదే ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఆయన ఉద్యోగం ఆవిడకే ఇస్తామన్నారు. "పొద్దస్తమానం ఎక్కీ దిగీ ఎక్కడికీ చేరని పని నాకొద్దు" అని ఆయా పని అడిగి పుచ్చుకుంది. పిల్లాణ్ని పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. ఒకరి సొమ్ము పుల్లయినా ముట్టుకున్నది లేదు. ఆసుపత్రి సబ్బుతో చెయ్యి కడుక్కుంటే ఆ నురగ కూడా అక్కడే వదిలేసి వచ్చే రకం.

ఆ విభాగంలో చోటు తక్కువ. పరీక్ష గదిని రెండు చేసి మధ్యన ఒక ఆకుపచ్చ తెర వేశారు. తెరకి అవతల పరీక్ష, ఇవతల బెంచీ. లోపల అమ్మాయి అడిగేది ఎప్పుడూ ఒక్కటే. "నేను అయిదు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. ఏనుగు, నిమ్మకాయ, తాళం, కిటికీ, దూది." తర్వాత గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమనేది. వందలోంచి ఏడేసి తీసేయమనేది. కాసేపాగి ఆ అయిదు మాటలూ మళ్లీ చెప్పమనేది. నేల తుడుస్తూ, ఫ్యాను దులుపుతూ, ఇరవై రెండేళ్లు అవన్నీ విన్న ఆయమ్మకి తన పేరైనా తడబడుతుందేమో గానీ ఏనుగు తర్వాత నిమ్మకాయ తడబడదు.

ఆ విభాగానికి పెద్ద పేరుండేది. మిగతాచోట్ల రోగుల జ్ఞాపకం ఏటికేడూ దిగజారుతుంటే, ఇక్కడివాళ్లది చెక్కుచెదరడం లేదని పెద్ద డాక్టరమ్మ కనిపెట్టింది. ఆ సంగతి నీలం గీతగా గీయించి, అద్దం కట్టించి, గోడకి తగిలించింది. గీత నేల మీద పడుకున్న కర్రలా తిన్నగా ఉండేది. ఆదరణ వల్లే ఇదంతా అని ఆవిడ సభల్లో చెప్పేది. ఆ ఆదరణలో తన మంచినీళ్లు కూడా ఉన్నాయని ఆయమ్మ నమ్మకం.

ఇలా ఉండగా విభాగంలో ఉండాల్సిన డజను గ్లాసుల్లో ఆరు కనబడలేదు. ప్రతి గ్లాసుకీ అడుగున ఎర్ర రంగు చుక్క ఉంటుంది. ఆసుపత్రి సామాన్ల లెక్క చూసే స్టోరాయన పెట్టించిన గుర్తు అది. పిన్నీసు పోయినా నిద్రపట్టని మనిషి ఆయన. ఆయన వచ్చి అడిగితే ఆయమ్మ నవ్వేసింది. "ముదిరినవాళ్లెవరో పట్టుకుపోయి ఉంటారు. రోగుల ఇళ్లకెళ్లి వెతుకు నాయనా."

ఆ ఆదివారం కోడలు దుప్పటి కోసం అత్తగారి ట్రంకుపెట్టె తెరిచింది. దుప్పట్ల మధ్య, మడతకొకటి చొప్పున, అయిదు గ్లాసులు.

"అత్తయ్యా, మనింట్లో గ్లాసులకి కరువొచ్చిందా?"

ఆయమ్మ ఒకటి తీసి తిరగేసింది. ఎర్ర చుక్క. ఎప్పుడు తెచ్చింది? ఎందుకు తెచ్చింది? ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్క తగల్లేదు. గ్లాసుతో సహా నడిచిపోయేవాళ్లని ఎంతమందిని చూసింది! ఇంక ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పెట్టె పక్కనే కూర్చుండిపోయింది.

మర్నాడు నేరుగా పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్లి నిలబడింది.

"డాక్టరమ్మా, నాకొచ్చేసింది."

"ఏమొచ్చింది ఆయమ్మా?"

"మీ జబ్బే." గ్లాసుల సంగతంతా చెప్పింది.

డాక్టరమ్మ నవ్వింది. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం నేనూనూ అంది. అయినా ముచ్చట తీర్చడానికి పరీక్ష పెట్టించింది. ఏనుగు మొదలు దూది దాకా ఆయమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గడియారం గీసింది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అంటూ దొర్లించుకుంటూ పోయింది. ముప్పైకి ముప్పై. చదువు తక్కువవాళ్లకి ఒక మార్కు కలపాలని రూలు. కలిపితే ముప్పైకి ముప్పై ఒకటి అవుతుందని పరీక్షల అమ్మాయి ఎత్తిన పెన్ను దించేసింది.

"మీ బుర్ర పాతికేళ్ల పిల్లది ఆయమ్మా!" అంది డాక్టరమ్మ, చూడ్డానికి వచ్చిన నలుగురు డాక్టర్లకీ చూపిస్తూ. అంత చదివినావిడకి పక్కనే వేలాడుతున్న తెర కనబడలేదు. పుట్టాక మొదటిసారి పరీక్షలో నెగ్గిన సంబరంలో ఆయమ్మకి కూడా కనబడలేదు. కొడుకు ఆ కాగితానికి ప్లాస్టిక్కు అతికించి గోడకి కొట్టాడు.

ఆ మేకు దిగినప్పటినుంచి మొదలైంది అసలు తంటా.

గ్లాసులు ఆయమ్మ పెట్టెలో దొరికాయన్న సంగతి స్టోరాయనకి తెలిసింది. మార్కుల సంగతీ తెలిసింది. రెండూ కలిపి చూసుకున్నాడు. "బుర్ర బ్రహ్మాండంగా ఉందని డాక్టరమ్మే రాసిచ్చింది. అంటే తెలిసే పట్టుకెళ్లినట్టేగా?" అన్నాడు. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే దొంగతనం కింద తీసేస్తామని కాగితం వచ్చింది.

ఇంట్లోనూ అదే వరస. అంతకుముందు కూరలో రెండోసారి ఉప్పు పడితే కోడలు విసుక్కుని ఊరుకునేది. ఇప్పుడు గోడకేసి చెయ్యి చూపించింది. "ముప్పైకి ముప్పై వచ్చినవాళ్లు ఉప్పు రెండుసార్లు వేస్తే దాన్ని మతిమరుపు అనరు అత్తయ్యా. కక్ష అంటారు."

"మరిచిపోయి తెచ్చానని రాసిచ్చెయ్యమ్మా" అన్నాడు కొడుకు.

"నేను మరిచిపోయాననే అంటున్నానురా. ఆ కాగితమే కాదంటోంది."

ఇరవై రెండేళ్ల పరువు. జబ్బు మనిషిగా ఇంటికి పొమ్మంటే తల ఎత్తుకునే పోతుంది. దొంగగా మాత్రం ఆ మెట్లు దిగదు. నాలుగు రోజులు అదే తలుచుకుంది. మిగతావి మరిచిపోతున్నా అది మాత్రం మరుపుకి రాలేదు.

అయిదో రోజు డ్రైవరన్న వచ్చాడు. ఒకప్పుడు బస్సు నడిపినాయన. వణుకు జబ్బు కాళ్లకి దిగింది. గుమ్మం ఎదురైతే చాలు, పాదాలు నేలకి అతుక్కుపోతాయి. ఆయమ్మ సుద్దముక్కతో నేల మీద అడ్డగీతలు గీస్తే, ఒక్కో గీతా దాటుకుంటూ నడిచేవాడు. ఆ రోజు బాత్రూము గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "ఉండన్నా, సుద్దముక్క తెస్తా" అని వెళ్లింది ఆయమ్మ.

కాసేపటికి చూసుకుంటే కింద మందుల కొట్టు ముందు వరసలో నిలబడి ఉంది. ఏ మందు కొనాలో తెలీదు. చేతిలో సుద్దముక్క ఉంది. అది చూశాక డ్రైవరన్న గుర్తొచ్చాడు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వచ్చింది. డ్రైవరన్న గుమ్మం కమ్మీ పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఎంతసేపైందన్నా?"

"నలభై ఏళ్లు బస్సు నడిపా చెల్లెమ్మా, ఏ స్టాపులోనూ ఇంతసేపు ఆగలేదు. సుద్ద గనిలోంచి తవ్వించుకొచ్చావా?"

"పడిపోయుంటే?"

"పడలేదుగా. ముందు గీతలు గియ్యి. అవసరం నాది."

పని అయ్యాక బెంచీ మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అంతా చెప్పింది. "నా మాట ఎవరూ నమ్మరన్నా. ముప్పైకి ముప్పై వచ్చి కూర్చుంది."

ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. "ఏనుగు, నిమ్మకాయ, తాళం, ఆ ముప్పయ్యేనా? ఆ పేపరు ఎప్పుడో లీకైందమ్మా! ముందెళ్లినాయన చెప్తుంటే ఇక్కడ వింటా, నా వంతు రాగానే లోపల అప్పజెప్తా. ఆర్నెల్లకోసారి నాకూ ఇరవై తొమ్మిది. ఈ బెంచీ ఎక్కినవాళ్లందరూ పాసే. ఆ గోడ మీద గీత లేదూ? మేమే."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"పాసు చేస్తుంటే కాదనే వెర్రివాడెవడు?"

ఆయమ్మ లేచింది. తెర పక్కకి నెట్టి లోపలికెళ్లింది. పరీక్షల అమ్మాయి పక్కన డాక్టరమ్మ కూడా ఉంది.

"నాకు వేరే పేపరు కావాలి" అంది.

"ఇంకోటి ఉంది గానీ ఆయమ్మా, బీరువాలోంచి ఎప్పుడూ తీయలేదు" అంది అమ్మాయి.

"వచ్చిన ముప్పై పోగొట్టుకుంటారా?" అంది డాక్టరమ్మ.

"పోతే పోనీయండి. అవి వచ్చాకే నేను దొంగనయ్యాను."

ఆ మాటకి డాక్టరమ్మ నవ్వు ఆగింది. బీరువా తీయించింది.

కావాలనే తప్పులు చెప్పేస్తే పోలా అని ఆయమ్మకి ఒక్క క్షణం అనిపించింది. వెంటనే సిగ్గేసింది. తప్పితే నిజంగానే తప్పాలి. "గుర్రం, సబ్బు, నిచ్చెన, ఉత్తరం, గంట" అని అమ్మాయి చెప్తుంటే చెవులు రిక్కించి, పెదాలతో పలుకుతూ వింది. గడియారంలో నాలుగుకి పది తక్కువ చూపించమంది. ఆయమ్మ చెయ్యి పదకొండూ పది గీసింది. చూసుకుని, ఏదో తేడాగా ఉందనుకుంది గానీ ఏమిటో తెలియలేదు. కాసేపటికి అమ్మాయి ఆ అయిదు మాటలూ చెప్పమంది.

ఆయమ్మ కళ్లు మూసుకుంది. ఉన్నదంతా కూడదీసుకుంది.

"ఏనుగు" అంది. "నిమ్మకాయ." ఆగింది. "ఇవి కావు కదూ?"

"కావు ఆయమ్మా. మొదటిది జంతువు."

"ఏనుగు."

అప్పుడు తెర అవతలినుంచి, దగ్గి గొంతు సవరించుకుని, డ్రైవరన్న అందుకున్నాడు. "గుర్రం, సబ్బు, నిచ్చెన, ఉత్తరం, గంట. ఈ పేపరు కూడా వచ్చేసింది డాక్టరమ్మా."

డాక్టరమ్మ లేచి తెర లాగింది. బెంచీ కేసి చూసింది. దాని మీద వరసగా కూర్చున్న నలుగురి కేసీ చూసింది. తర్వాత గోడ మీది నీలం గీత కేసి చూసింది.

ఆయమ్మకి పదహారు వచ్చాయి. చదువు తక్కువ మార్కు ఈసారి కలిపారు. పదిహేడు.

"చెప్పానా లేదా?" అంది ఆయమ్మ. తల దించలేదు.

మధ్యాహ్నానికి బెంచీ వరండా చివరికి వెళ్లిపోయింది. సాయంత్రానికి గీత గోడ దిగింది. జబ్బు సెలవు కాగితం మీద డాక్టరమ్మ తనే సంతకం పెట్టి, ఇకనుంచి ఆయమ్మ విభాగానికి రోగిగా వస్తుందని రాసింది. ఇంట్లో కొడుకు ముప్పై కాగితం తీసి, పదిహేడు కాగితం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలీక. "తగిలించు. మేకు ఉందిగా" అంది ఆయమ్మ. కోడలు మారుమాట లేకుండా ఉప్పు డబ్బా తన వైపుకి జరుపుకుంది. "రేపట్నించి నేను వేస్తాలెండి అత్తయ్యా" అంది మెత్తగా. ఆ మెత్తదనం ఆయమ్మకి బొత్తిగా నచ్చలేదు. దానికంటే తగాదాయే నయమనిపించింది.

మర్నాడు అయిదు గ్లాసులూ తోమి, తళతళలాడించి, స్టోరాయన బల్ల మీద బోర్లించింది. ఎర్ర చుక్కలు అయిదూ పైకి కనబడేలా.

స్టోరాయన తలెత్తలేకపోయాడు. "ఏమనుకోకండి ఆయమ్మా. తెలియక దొంగ అన్నాను."

"ఇప్పుడేమంటావ్?"

"మీకు ఒంట్లో బాగాలేదంటాను."

"అదీ! అలా మర్యాదగా అను."

ఆయన అలవాటు కొద్దీ చూపుడు వేలితో గ్లాసులు ఒక్కోటీ తాకుతూ వచ్చి, అయిదోదాని దగ్గర ఆగాడు. నసిగాడు. "మరి... ఆరోది?"

ఆయమ్మ గుమ్మం దగ్గర తిరిగి చూసింది.

"అదెక్కడుందో చెప్పగలిగితే నేను దొంగనే నాయనా" అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.